ఆయన పాడిన గది

నేను వైటూకే కంప్యూటర్ పనుల మీద సిడ్నీ వచ్చిన కొత్తలో, కచేరీకి వచ్చిన ఒక పెద్ద గాయకుడు గిరావీన్‌లోని మా అద్దె ఇంట్లో రెండు రోజులు ఉన్నారు. తెల్లవారుజామున ఆయన సాధన మొదలుపెట్టగానే నేను గాభరాగా పరుగెత్తుకొచ్చాను.

"గురువుగారూ, ఏమనుకోకండి, నైబర్స్ కంప్లెయింట్ చేస్తారు. కార్లో కూర్చుని పాడుకుంటారా?" అన్నాను.

ఆయన శ్రుతిపెట్టె ఒళ్లో పెట్టుకుని, అద్దాలు మూసుకుని, రెండు రోజులూ కార్లోనే పాడుకున్నారు. పక్కింటివాళ్లు ఆ వారమంతా ఊళ్లోనే లేరని తర్వాత తెలిసింది.

రెండేళ్లకు ఆయన పోయారు. పెండిల్ హిల్‌లో అభిమానులం సంతాపసభ పెట్టుకున్నాం. మైకు నా చేతికి రాగానే, "మా ఇంట్లో దేవుడి పటాలున్న గదిలోనే సాధన చేశారు" అనేశాను. సిగ్గులేని నోరు నాది. నా భార్య తల దించుకుంది.

"ఎంత అదృష్టం! ఆ రూమ్ మాకు ఒక్కసారి చూపించు బాబూ" అంది ఒక ఆంటీ.

ఆదివారం పదిమంది వచ్చారు. ఒక పెద్దాయన వంగి ఆ గది నేలను తాకి, చేతులు కళ్లకద్దుకున్నారు. నేను ఆపలేదు.

వాళ్లంతా చెప్పులు విడిచింది మాత్రం బయట, ఆ కారు పక్కనే.