ఆళ్లగడ్డ సర్వరూ, నల్లగుడ్డ మూటా

నంద్యాల జిల్లా అయిన మరుసటి ఏడాది మే నెలలో నన్ను సిస్టమ్ అనలిస్టుగా అక్కడికి వేశారు. రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు. చుట్టుపక్కల పట్టణ కార్యాలయాల పాత సర్వర్లన్నిటినీ నంద్యాలలోని ఒక్క కొత్త సర్వర్‌లోకి మార్చడం నా పని. దీన్ని వర్చువలైజేషన్ అంటారు. పాత మిషన్ డిస్కుకు ఉన్నదున్నట్టు నకలు తీసి, కొత్త మిషన్‌లో దానికొక గది కేటాయిస్తాం. ఆ నకలు తానింకా పాత పెట్టెలోనే ఉన్నాననుకొని పనిచేసుకుపోతుంది. ఈ పనిలో నాకు మంచి పేరుంది. ఆ సంగతి నాకు కాస్త ఎక్కువగానే తెలుసు.

మొదట ఆళ్లగడ్డ వెళ్లాను. జనన ధ్రువపత్రాల సర్వర్‌ను నడిపే ఆపరేటర్ ఖాజాబీ ఆ శనివారం సంజామలలో పెళ్లికి వెళ్లింది. సోమవారం దాకా ఆగమని కబురు పెట్టింది. నేను ఆగలేదు. మిషన్ నిండా ఆయుధపూజ నాటి పసుపు, కుంకుమ. వెనక నల్లగుడ్డలో కట్టిన చిన్న మూట. ఇది ఆఫీసా, ఇంకేమన్నానా అని విసుక్కుని, మిషన్ ఆపించి అన్నీ పీకించాను. అటెండర్ ఓబులేసు మాత్రం ఆ మూటను చెత్తబుట్టలో వేయనన్నాడు. దిష్టి మూటను పారే నీళ్లలోనే వెయ్యాలట. నీ ఇష్టం పొమ్మన్నాను.

డిస్కు నకలు చక్కగా వచ్చింది. ఆదివారం నంద్యాలలో ఆన్ చేస్తే మిషన్ లేచింది. సంబరపడ్డాను. ధ్రువపత్రాలిచ్చే ప్రోగ్రాం తెరిచి చూడాలన్న ఆలోచనే రాలేదు.

సోమవారం పదింటికి ప్రోగ్రాం అనుమతి లేదంది. పాత మిషన్ ఆన్ చేయించినా అదే మాట. ఆళ్లగడ్డ కౌంటర్ దగ్గర శిల్పి వీరాచారి నిలబడి ఉన్నాడు. ఆయన చెక్కిన నంది సింగపూర్ గుడికి పోతోంది, ప్రతిష్ఠకు ఆయన వెళ్లాలి. పాస్‌పోర్టు ఇంటర్వ్యూ మర్నాడే కర్నూలులో. జనన ధ్రువపత్రం లేకపోతే ఆ ప్రయాణం లేదు.

అంతలో ఆ ఆఫీసు నుంచే ఖాజాబీ నాకు ఫోన్ చేసింది.

"సార్, ఎనకాల నల్లగుడ్డలో కట్టింది యాడ పెట్టినారు? అది దిష్టి మూట కాదు సార్. డాంగిల్."

డాంగిల్ అంటే పెన్‌డ్రైవంత ఉండే తాళం. అది గుచ్చి ఉంటేనే ఆ ప్రోగ్రాం తెరుచుకుంటుంది. వచ్చినవాళ్లంతా దాన్ని పీకి సెల్‌ఫోన్లు చార్జింగ్ పెడుతున్నారని, దిష్టి మూటైతే ఎవరూ ముట్టుకోరని ఆమె అలా కట్టిందట. నేనొక్కణ్నే దాన్ని పీకించాను. ఇంకొకటి తెప్పిద్దామంటే ఆ కంపెనీ మూతపడి ఏళ్లయింది. మూట కాలవలో వేశావా అని ఓబులేసును అడిగించాను.

"మే నెలలో కాలవలో నీళ్లు యాడుండాయ్ సార్? నీళ్లిడిసినంక ఏద్దామని సైకిల్ సీటు కింద పెట్టుకున్యా."

ఫోన్‌లో ఆ ఆఫీసంతా నవ్వడం వినిపించింది. నేనూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను. డాంగిల్ గుచ్చగానే పాత మిషన్ తెరుచుకుంది, పది నిమిషాల్లో పత్రం వీరాచారి చేతిలో పడింది. ఆయన ఓబులేసును వాటేసుకున్నాడట. రెండు రోజులకు, ఈసారి ఖాజాబీ ఎదుట, నకలు మళ్లీ తీసి డాంగిల్‌తో సహా నంద్యాలకు తెచ్చుకున్నాను.

తర్వాతి కార్యాలయాల్లో నేను ముందుగా మిషన్ దగ్గరికి పోలేదు. దాన్ని రోజూ వాడే మనిషి పక్కన కుర్చీ వేసుకుని ఒక పూట కూర్చున్నాను. ఎక్కడా పని ఆగలేదు. ముప్పై ఏళ్ల కిందటే నేర్చుకోవలసిన పద్ధతి అది. సర్వీసు చివరి ఏడాదిలో ఖాజాబీ దగ్గర నేర్చుకున్నాను.