వంటావార్పు ముగిశాక

నా చిన్నప్పుడు మా ఊరి రోడ్డు మీద బస్సులకన్నా పొయ్యిలే ఎక్కువగా కనిపించిన రోజులున్నాయి. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న కాలమది. కేసముద్రం పోయే దారికి అడ్డంగా బండలు పెట్టి, ఊరంతా అక్కడే వండుకుని తినేది. వంటావార్పు అనేవాళ్లు దాన్ని. అన్నం గుండిగ దగ్గర ముందుగా కనిపించేది మా మేనత్తే. భర్త పోయాక ఆమె మా ఇంట్లోనే ఉండేది. ఒక బర్రెను పెట్టుకుని, పాలు పోసి బతికేది.

అంతమందికి విస్తరాకులు ఎక్కడ సరిపోతాయి? ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు వచ్చాయి. అన్నం, పప్పు కవర్లలో కట్టి పంచేవారు. సాయంత్రం నినాదాలిచ్చుకుంటూ అందరూ వెళ్లిపోయాక అవన్నీ రోడ్డు పక్కనే పడి ఉండేవి. మెతుకులంటిన ఆ కవర్లను మా బర్రె తినేది. ఎన్నాళ్లుగా తింటోందో మాకు తెలియదు. ఒకరోజు అది మేత ముట్టలేదు. కడుపు ఉబ్బింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, లోపల కవర్లు ఉండలు కట్టి ఉంటాయని, ఇక చేయగలిగింది లేదని చెప్పాడు. మర్నాడు పొద్దున అది ప్రాణం విడిచింది.

అత్తమ్మ దాని మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. "నేనొండిన బువ్వే దీని పానం తీసింది" అని మాత్రం అంది.

దాన్ని పూడ్చి వచ్చాక, గంప పట్టుకుని రోడ్డుకు బయలుదేరింది. నేనూ వెంట వెళ్లాను. ఆమె వంగి ఒక్కొక్క కవరూ ఏరుతుంటే నాకు అర్థం కాలేదు.

"బర్రె సచ్చిపాయె గదా అత్తమ్మా, ఇప్పుడు ఏరితే ఏమొస్తది?" అని అడిగాను.

"మనది సచ్చింది బిడ్డా. ఊర్ల ఇంకా ఉన్నయి గదా" అంది, నడుము ఎత్తకుండానే.

ఏరినవి ఎక్కడ వేయాలో ఎవరికీ తెలియదు. కాలిస్తే పొగకు ఊపిరాడలేదు. గుంత తీసి పూడిస్తే, పెద్దవానకు మట్టి కోసుకుపోయి సగం మళ్లీ రోడ్డు మీదికే వచ్చాయి. తర్వాతి వంటావార్పు రోజు ఆమె ఉద్యమ నాయకులు కూర్చునే టెంటు దగ్గరికి పోయి, తిన్న ప్లేట్లు ఒక్కచోట వేయించమని అడిగింది.

"జర ఆగక్కా, ముందు రాష్ట్రం రానీ. గివన్నీ అప్పుడు చూసుకుందాం" అన్నాడు అక్కడి పెద్దమనిషి.

"రాష్ట్రమొచ్చినంక గూడ గొడ్లు గీ రోడ్డు పొంటే మెయ్యాలె గద అన్నా" అంది అత్తమ్మ. ఎవరో నవ్వారు. అంతలో నినాదాలు మొదలయ్యాయి.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు అత్తమ్మ రంగు చల్లుకుంది, ఆడింది, మిఠాయి నోట్లో పెట్టుకుని ఏడ్చింది. జనం పలచబడ్డాక చూస్తే రోడ్డంతా మిఠాయి డబ్బాలు, పటాకుల కాగితాలు, నీళ్ల ప్యాకెట్లు. ఆమె కొంగు బిగించి వంగింది. ఈ రోజైనా ఇంకెవరైనా వస్తారేమోనని నేను చుట్టూ చూశాను. ఎవరూ రాలేదు.

ఇప్పుడు అత్తమ్మ లేదు. రోడ్డు వెడల్పయింది, దాని పక్కన చెత్తా పెరిగింది. చెత్త బండి వస్తుంది కానీ ఊరి లోపలి వరకే. పొద్దున నడకకు పోయినప్పుడు చేతికందినంత ఏరుతుంటాను. ఈ దారి బాగుపడుతుందన్న ఆశ నాకు లేదు. ఆమెకూ ఉండేది కాదనే అనుకుంటాను. అయినా కవరు కంటబడితే దాటి పోలేను. దాన్ని మేయబోయే నోరొకటి వెనకాలే వస్తోందని, ఇది తినొచ్చా అని అడిగే వీలు ఆ నోటికి లేదని గుర్తొస్తుంది.