భుజం మార్చిన బిందె

తిమ్మప్ప ఏనాడూ భుజం మార్చలేదు. చైత్రమాసంలో యరగేర ఊరి బావినీటిని గుట్టమీది అమ్మవారికి మోసుకుపోయేటప్పుడు బిందె నేలను తాకరాదన్నది అక్కడి కట్టుబాటు. మోయలేనివాడు దానిని మరొకరి భుజానికి మార్చవచ్చు. అయితే, ఒకసారి మార్చినవాడు ఇక ఈ జన్మలో ఆ బిందెను ఎత్తరాదు. యౌవనంలో తండ్రినుండి అందుకున్న ఆ బరువును, థర్మల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గు వ్యాగన్ల దగ్గర పనికి కుదిరిన తరువాత కూడా తిమ్మప్ప విడువలేదు. అక్కడ అతనిని నంబరు పెట్టి పిలిచేవారు. బిందె ఎత్తిన పూట మాత్రం ఊరు లేచి దారి ఇచ్చేది.

ఈ ఏడు గడప దాటడానికే అతని ఊపిరి తడబడుతున్నది.

"మంచం కాడ చెంబు అందియ్యనీకి నన్ను పిలుస్తవు. బిందె ఎత్తనీకి మాత్రం మొగోనివైతివి," అన్నది భార్య అంబమ్మ, బావి గట్టుమీద తువ్వాలు మడిచి అతని భుజాన వేస్తూ.

"నీళ్లు నిండ పొయ్యి. తక్కువైతే అమ్మవారు నిన్నే అడుగుతది," అన్నాడు తిమ్మప్ప.

"అడగనీ. ఆమెను నేనడిగేటివి గూడ శానా ఉన్నయి."

తిమ్మప్ప బిందెతో గుట్ట ఎక్కుతుంటే తమ్ముడి కొడుకు ప్రాణేశ్ వెనుక నడిచాడు.

అంతకుముందు రెండు రోజులు అకాల వర్షం కురిసింది. చలికాలమంతా బండలకు పొక్కులా అంటుకొని ఉన్న పాచి, ఒక్కసారిగా పచ్చబడి ఉబ్బింది. ఎండు పాచి అరికాలికి పట్టునిస్తుంది. ఏటా దానిమీదనే అడుగు వేసి ఎక్కిన తిమ్మప్ప పాదం, అలవాటు చొప్పున ఈసారీ అక్కడికే పోయింది. జారింది. మోకాలు బండకు కొట్టుకున్నది. నీళ్లు మెడమీదికి తొణికాయి. బిందె మాత్రం నేలను తాకలేదు. లేచి నిలబడ్డాడు గాని, చెదిరిన ఊపిరి కుదుటపడలేదు.

"ఇంక సాలు, పెద్దనాయినా," అన్నాడు ప్రాణేశ్.

తిమ్మప్ప తల అడ్డంగా ఊపాడు.

"మొండిగ జిద్దు జేస్తే జెయ్యి. బిందె నేనడగను. నువ్విచ్చేదాంక ఈడనే నిలబడత."

బిందె అంచు అతని చెవి పక్కన వణుకుతున్నది. ఇంకొక్క క్షణమైతే అది బండమీద పడుతుంది. తిమ్మప్ప కళ్లు మూసుకొని, భుజం వంచి బిందెను ప్రాణేశ్ భుజానికి మార్చాడు. ఆ బరువు తొలగినప్పుడు అతనికి తేలికగా అనిపించలేదు, చలిగా అనిపించింది.

ప్రాణేశ్ మలుపు దాటి కనుమరుగయ్యాడు. కొంతసేపటికి పైనుండి కేక వినబడింది.

"పెద్దనాయినా! బండ కాడ దోవ రెండు దిక్కుల చీలింది. యాడికెళ్లి పోవాల?"

ఎడమవైపు పాచిబండ అంచు దాటితే లోయే. తిమ్మప్ప నోరు తెరిచాడు. గాలే తప్ప మాట రాలేదు. చేతికందిన రాయిని బలంకొద్దీ కుడివైపుకు విసిరాడు. అది పైబండకు తగిలి ఖణేలుమన్నది. రెండోది విసిరాడు.

"కుడికేనా? సరే, అర్థమైంది!"

అడుగుల చప్పుడు కుడివైపుగా సాగి, క్రమంగా అణగిపోయింది. తిమ్మప్ప తడి పాచిమీద చతికిలబడ్డాడు. కిందికి దిగడానికీ ఊపిరి కావాలి. అది వచ్చేదాకా కూర్చోవలసిందే.