మీటరు మీద స్టిక్కరు

మా నాయన నల్లప్పకు హిందూపురంలో స్నేహితులు లేరు. లేరని ఆయన బాధపడిందీ లేదు. సోమందేపల్లిలో వాన రాని చేనిని తమ్ముడికి వదిలేసి, లారీల మీద క్లీనరుగా తిరిగి, చివరికి స్టీరింగు పట్టిన మనిషి. బండి గురించి ఎవరైనా సలహా చెబితే ముఖం గట్టిపడేది. టీ అంగడిలో మాటకు మాట పెరిగి గ్లాసు విసిరేసి వచ్చిన రోజులున్నాయి. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు తక్కువైతే కంచం పక్కకు తోసేవాడు గానీ, ఉప్పు వెయ్యమని అడిగేవాడు కాదు.

పట్టుచీరల వ్యాపారి అశ్వత్థనారాయణ గారి దగ్గర ఆయన డ్రైవరు. వాళ్ల పాత కారును నాయన తన చేతులతోనే విప్పేవాడు, బిగించేవాడు. కార్బురేటరులో చెత్త పడితే నోటితో ఊది సరిచేసేవాడు. 2003లో సావుకారు కొత్త పెట్రోలు కారు కొన్నారు. కారు వచ్చిన రోజే వాకిట్లో అందరి ముందరా చెప్పారు, దీంట్లో కంప్యూటరు ఉందనీ, నల్లప్ప స్పానరు ముట్టకూడదనీ, ఏమొచ్చినా బెంగళూరులో కంపెనీ వాళ్లే చూడాలనీ. ఆ రోజు నాయన వాళ్లింటి మిఠాయి తీసుకోలేదు.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఆ ఇంట్లోనే పనికి కుదిరాను. పెరట్లో గిన్నెలు తోముతుంటే కారు షెడ్డు ఎదురుగా ఉండేది. ఆ ఏడు వానాకాలంలో కారు అడుగున పటపటమని శబ్దం మొదలైంది. సావుకారు దంపతులు పెళ్లికి వెళ్లిన రోజు నాయన కారు కిందికి దూరాడు. పొగ గొట్టం జాయింటు విప్పి, సందులు మూసే గ్యాస్కెట్ పేస్టు ట్యూబు మొత్తం పిండి, వేలితో అలికినట్టు పూసి బిగించాడు. శబ్దం ఆగిపోయింది. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసి నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది తక్కువ.

కొన్ని రోజులకు మీటరులో ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగింది. బ్యాటరీ తీగ పీకితే ఆరింది, మళ్లీ వెలిగింది. బండి నడుస్తూనే ఉంది గనుక అది ఉత్త దీపమేనని నాయన అనుకున్నాడు. కానీ సావుకారు చూస్తే ఎవరు ముట్టారని అడుగుతారు. ఆయుధపూజ రోజు చక్రాలకు కుంకుమ పెట్టి, సరిగ్గా ఆ దీపం మీద పడేటట్టు మీటరు అద్దానికి ఆంజనేయస్వామి స్టిక్కరు అంటించాడు. సావుకారు భార్య రాజేశ్వరమ్మ గారు దాన్ని ముట్టి కళ్లకద్దుకున్నారు. ఇన్నాళ్లకు నల్లప్పకు భక్తి పుట్టిందని మెచ్చుకున్నారు.

ఆ తరువాత కారు పెట్రోలు తాగడం ఎక్కువైంది. షెడ్డు వెనక గోడ మసిబారింది. నేను ఆరేసిన తెల్ల పంచెల మీద నల్లటి చుక్కలు పడ్డాయి, తిట్లు నాకు పడ్డాయి. సావుకారుకు మాత్రం కనిపించింది ఒక్కటే, పెట్రోలు మీటరు ముల్లు. మొదట సూటిపోటి మాటలన్నారు. తరువాత ట్యాంకు మూత బీగంచెవి తన మొలతాడుకు కట్టుకున్నారు. అయినా ముల్లు దిగుతూనే ఉంది. ఒక రోజు అంగడి ముందర, చీరలు తెచ్చిన నేతగాళ్లూ గుమాస్తాలూ వింటుండగా నాయనను పెట్రోలు దొంగ అన్నారు. ఆ మాట పడ్డ డ్రైవరుకు ఊర్లో ఇంకెవరూ బండి ఇవ్వరు. టీ అంగడిలో, "ఏమప్పా నల్లప్పా, మా బండికీ ఒక సీసా పొయ్‌రాదా" అని ఒకడు నవ్వితే, నాయన వాడి చొక్కా చించి వచ్చాడు.

కార్తీకంలో ధర్మవరం ప్రయాణం పెట్టారు. ఈసారి సావుకారు ముందు సీట్లో కూర్చున్నారు. వెనక రాజేశ్వరమ్మ గారు, ఆమెకు వాంతులవుతాయని తోడుగా నేను. పచ్చి పెట్రోలు వాసనకు సోమందేపల్లి దగ్గరే ఆమె కిటికీ అద్దం దించి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. సావుకారు కళ్లు ముల్లు మీదే ఉన్నాయి. పెనుకొండ కొండ కనబడగానే అన్నారు.

"పోలీస్‌స్టేషన్ ముందర ఆపు."

"ఎందుకు?"

"బీగంచెవి నా నడుముకే ఉండాది. అయినా పెట్రోలు పోతాండాది. కింద పైపు పెట్టి తీస్తాండావు. ఆడ చెబుదువు."

నాయన కారును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు. గోటితో స్టిక్కరు గీకసాగాడు. దేవుణ్ణి గీకితే కళ్లు పోతాయని రాజేశ్వరమ్మ గారు వెనక నుంచి తిట్టారు. స్టిక్కరు సగమే వచ్చింది. అద్దం మీద స్వామి తోక, ఆ పక్కన పసుపు దీపం మిగిలాయి.

"దసరాకు ముందు నుంచి వెలుగుతాండాది," అన్నాడు నాయన. "నేనే కింద జాయింటు విప్పినా. పేస్టు పూసినా. నువ్వు చూస్తావని ఇది అంటించినా. అంతేగానీ నేను దొంగను కాదు సావుకారూ."

"ముట్టొద్దంటి కదరా."

"అంటివి."

సావుకారు నమ్మలేదు. ధర్మవరంలో కంప్యూటరు పెట్టి కార్లు చూసే దుర్గాప్రసాద్ షెడ్డుకు పోనిమ్మన్నారు. దీపం మాట నిజం కాకపోతే తిరుగు దారిలో స్టేషన్ ఎటూ ఉంటుందని కూడా అన్నారు.

దుర్గాప్రసాద్‌ది మా నాయన కంటే చెడ్డ నోరు. కారు ఎత్తి, పొగ గొట్టం నుంచి స్పార్క్ ప్లగ్గు లాంటిదొకటి విప్పి తీశాడు. ఆక్సిజన్ సెన్సరట. దాని మొన సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. "పేస్టుతో ఆపినావేమప్పా? పసుపు కూడా పూసుంటే పేరంటానికి పంపింటిమి," అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు. నాయన దవడ బిగుసుకుంది, చెయ్యి లేవలేదు.

కాలిన పొగలో గాలి ఎంత మిగిలిందో ఆ మొన పసిగట్టి చెబితే, దాన్ని బట్టి కంప్యూటరు పెట్రోలు పోస్తుందట. వేడికి ఆ పేస్టులోని సిలికాన్ ఆవిరి వచ్చి మొనకు పట్టేసింది. ఇక అది ఏమీ చెప్పలేదు, కంప్యూటరు పోస్తూనే ఉంది, కాలని పెట్రోలు మసిగా బయటికొచ్చింది. నాయన తీగ బ్రష్షు తీసుకుని గీకబోతే దుర్గాప్రసాద్ లాక్కున్నాడు. గీకితే బాగుపడదు, కొత్తది వెయ్యాల్సిందే. అక్కడ రెండు గొట్టాల మధ్య కొత్త గ్యాస్కెట్ బిళ్లే వెయ్యాలట. పేస్టు తప్పనిసరైన చోటైనా సెన్సరుకు హాని చెయ్యని రకమేనా అని డబ్బా మీద చూసి వాడాలట. అట్లాగని గొట్టం లీకును వదిలెయ్యకూడదు, బయటి గాలి కలిస్తే సెన్సరు తప్పు చెబుతుంది. కిరసనాయిలు కలిపిన పెట్రోలూ, ఇంజనులో ఆయిలు కాలడమూ దాన్ని చంపుతాయి. దీపం వెలిగితే ముందు దాని తీగ తెగిందేమో చూడాలి. "దేవుణ్ణి అడ్డం పెట్టేది కాదు," అన్నాడు చివరికి, రాజేశ్వరమ్మ గారి వైపు కూడా చూస్తూ.

కొత్త గ్యాస్కెట్టూ, కొత్త సెన్సరూ వేశాక దీపం ఆరింది. తిరుగు దారిలో పెట్రోలు వాసన లేదు. పెనుకొండలో కారు ఆగలేదు. ఇల్లు చేరాక సావుకారు చెయ్యి చాపారు.

"దొంగవు కాదు, సరే. బండి బీగంచెవి ఈడ పెట్టి పో."

నాయన ఇవ్వలేదు. "ఆ మాట అంగడి ముందర చెప్పు."

"చెబుతా. పేస్టు సంగతీ చెబుతా."

"చెప్పుకో," అని చెవి అరుగు మీద పడేశాడు.

మరునాడు సావుకారు రెండూ చెప్పారు, రెండోది ఇంకా గట్టిగా. సాయంత్రానికి బజారంతా ఆయన పేస్టు నల్లప్ప. దొంగ అని మాత్రం మళ్లీ ఎవరూ అనలేదు. నన్ను కూడా పనిలోంచి తీసేశారు.

ఇప్పుడు నాయన పెనుకొండ, సోమందేపల్లి మధ్య పాత జీపు తోలుతున్నాడు. దాంట్లో కంప్యూటరు లేదు. ఆయన కోపం తగ్గలేదు. చిల్లర దగ్గర, సీటు దగ్గర రోజూ గొడవే. స్టాండులో ఎవరైనా "ఓ పేస్టు నల్లప్పా" అని కేకేస్తే మాత్రం కొట్టడానికి పోడు. తల తిప్పి, "యాడికి పోవల్ల?" అని అడుగుతాడు.