పైపళ్ల దొరమేక

నా చిన్నప్పుడు మార్కాపురంలో మా వీధిని ఎవరూ పేరు పెట్టి వెతకనక్కర్లేదు, రాతిదుమ్ము ఎక్కడ లేస్తుంటే అదే మా వీధి. ఇంటింటా పలకల పనే. గని నుంచి బండ్ల మీద వచ్చిన నల్లరాతిని మా నాయన పలచగా చీల్చి, నునుపు చేసి, చుట్టూ చెక్క బిగించేవాడు. ఆ చెక్కకు రంగు పూయడం నా పని. నాకప్పుడు పదేళ్లు. నా చెయ్యి నిదానం, నోరు మాత్రం మహా వేగం అనేది మా అమ్మ. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ ఏడు మా పలకలు కదలలేదు. వెనకవీధివాళ్లు చెక్క మీద పువ్వులు వేయడం మొదలుపెట్టారు. పిల్లలంతా పువ్వుల పలకే కావాలని దొర్లి దొర్లి ఏడ్చేవాళ్లు. ఏటా మా దగ్గరే సరుకెత్తే గిద్దలూరు దుకాణదారు ఆ ఏడు మా ఇంటి ముందు బండి కూడా ఆపలేదు. నాయన ఒక్క మాటా అనకుండా రాయి చీలుస్తూ కూర్చున్నాడు. ఆయన అరిస్తే నాకు భయం ఉండేది కాదు, ఊరుకుంటేనే భయం.

మా పక్కింటి అక్క అర్ధవీడు వైపు నుంచి కోడలిగా వచ్చింది. పుట్టింట్లో మేకల మంద ఉండేది. ఆమె పెనిమిటి వకీలు దగ్గర గుమాస్తా. అక్క మేము పారేసిన పగుళ్ల పలకలు ఏరుకుపోయి, రోజుకొక బొమ్మ బలపంతో గీసి కిటికీలో నిలబెట్టేది. అన్నిటిలోనూ ఒకటే మేక. రాతి నలుపే వదిలేసిన నల్లటి దొరటోపీ, కళ్లజోడు, చంకలో బెత్తం. మేమంతా దాన్ని దొరమేక అనేవాళ్లం. ఒకరోజు అది తాలూకా కచేరీని తనిఖీ చేయడానికి వెళ్లి కాగితాలన్నీ నమిలేసేది. ఇంకొకరోజు పంతులుగారి కుర్చీ ఎక్కి హాజరు పిలిచేది. పిల్లలు ఆ కిటికీ దగ్గర కడుపు చేత్తో పట్టుకుని నవ్వి, ఆ తర్వాతే బడికి పోయేవాళ్లు.

నాకు అక్కడే బుద్ధి పుట్టింది. దుర్బుద్ధి అనండి, ఇప్పుడు నాకేం సిగ్గు లేదు. దొరమేకను చూసి చూసి, అట్టముక్క మీద దాని ఆకారం కత్తిరించాను. ఆ అట్టను చెక్క మీద ఆనించి గుడ్డతో రంగు అద్దితే మేక దిగేది. కళ్లు, కళ్లజోడు పుల్లతో దిద్దేదాన్ని. ఎవరైనా అడుగుతారేమోనని నల్లటోపీని ఎర్రటోపీ చేశాను. నాయన చూసి తెల్లబోయాడు. “నువ్వే గీసినావా పాపా?” అన్నాడు. నేనే అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ ముఖం చూశాక నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పలకలు రెక్కలొచ్చినట్టు పోయాయి. గిద్దలూరు దుకాణదారు తిరిగొచ్చి, ఎన్ని చేస్తే అన్నీ తనకే కావాలన్నాడు. నాయన కనబడినవాళ్లందరికీ “మా పాప తెలివి” అని చెప్పుకునేవాడు. అక్క కూడా బడిపిల్లల చేతుల్లో పలకలు చూసింది. నన్ను ఏమీ అడగలేదు. మర్నాడు ఆమె కిటికీలో దొరమేక నోరారా నవ్వుతోంది. పైన ఒక వరస, కింద ఒక వరస, తళతళలాడే పళ్లు. ఎంత బాగుందో! నేను వెంటనే పుల్ల తీసుకుని, కొత్త పలకలన్నిటి మీదా మేకకు పైనా కిందా పళ్లు పెట్టేశాను.

ఆ వారం సంతకు నాయనతో నేనూ వెళ్లాను. అర్ధవీడు నుంచి మేకలు తోలుకొచ్చిన ఒక మామ, కొడుకు కోసమని పలక తీసుకుని, బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూసి పకపకా నవ్వాడు. “ఏందన్నా ఇది, మేకకు పైన ముందుపళ్లు యాడన్నా ఉంటాయా?” అంటూ పక్కనున్న మేకను పట్టుకుని, మూతి పైకెత్తి చూపించాడు. నిజమే! పైన ముందువైపు ఒక్క పన్నూ లేదు, ఉత్త చిగుళ్లే. సంతంతా మూగింది. నాయన తడబడకుండా “మా పాప చిన్నది, తెలీక గీసింది. ఇప్పుడే మళ్లీ గీస్తాది చూడు” అని నా చేతికి ఒక పలక, బలపం ఇచ్చాడు.

అట్టముక్క ఇంట్లో ఉంది. అంతమంది మధ్య కూర్చుని గీశాను. టోపీ పెట్టుకున్న కుక్క వచ్చింది. చెరిపి మళ్లీ గీశాను. ఈసారి కుక్క కూడా రాలేదు. జనం విరగబడి నవ్వుతున్నారు. నాయన ఒక్కడే నవ్వలేదు. నా వైపు చూసి ఊరుకున్నాడు. అంతే, నేను బావురుమన్నాను. “నేను గీయలేదు నాయనా, అక్కది” అని ఏడుస్తూ చెప్పేశాను.

సంత నుంచి నాయన నేరుగా నన్ను వెంటబెట్టుకుని అక్క గుమ్మం ముందు నిలబడ్డాడు. వీధంతా అన్నా అని గౌరవంగా పిలిచే మనిషి, ఆ కొత్తకోడలికి చేతులు జోడించాడు. అక్క కంగారుపడి, “అయ్యో మామా, నువ్వేంది ఇట్ల” అని పీట వేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“మేకల్లో పెరిగినదాన్ని, నువ్వు అట్లే దించుతావని ఆ పైపళ్లు కావాలనే గీసినా. టోపీకి ఎర్రరంగు పూస్తే నీ మేక అయిపోతాదా? నువ్వు నా మందలో మేకను తోలుకుపోయి, కొమ్ములకు రంగేసి సంతలో అమ్మితే ఏమంటారు? మా ఆయన చెప్పినాడు, దీనికి సర్కారు చట్టమే ఉందంట. గీసినోళ్ల ఒప్పుదల లేకుండా ఆ బొమ్మేసి సరుకు అమ్మకూడదంట. కిటికీలో పెట్టింది నువ్వు చూసేదానికే. అడిగింటే ఇయ్యనా?”

నేను గుక్క తిప్పుకోకుండా, “ఇప్పుడు అడుగుతున్నా, ఇయ్యక్కా!” అన్నాను. ఏడుస్తున్నదాన్ని అంత వేగంగా అడిగేసరికి ఆమెకు నవ్వాగలేదు.

అక్కడికక్కడే ఒక పలక మీద బలపంతో ఒప్పందం రాసింది. దొరమేక పలకల మీద మాత్రమే ఉండాలి, ఇంకే సరుకు మీదా వేయకూడదు. టోపీ నల్లదే. ప్రతి పలక మూలన ఆమె గుర్తుగా చిన్న గిట్ట వేయాలి. ఏటా అర్ధవీడు బడిపిల్లలకు కొన్ని పలకలు పంపాలి. పైపళ్లు తీసేయాలి. నేను వేలిముద్ర వేశాను. అది చెరిగిపోతుందని నాయన ఇంటికి తెచ్చి, మేకుతో ప్రతి అక్షరం మీదా లోతుగా గీసిపెట్టాడు.

ఆ పలక ఇప్పటికీ నా దగ్గరుంది. మొన్న మా మనవడు చేతిసంచుల మీద టీవీలో వచ్చే ఏదో బొమ్మ వేసి అమ్ముతానని తెచ్చి చూపించాడు. ఫోన్‌లో దొరికింది అవ్వా, అందరూ వేస్తున్నారు అన్నాడు. నేను కళ్లజోడు పెట్టుకుని, ముందు దాని పళ్లు చూశాను. తర్వాత గీసినవాళ్లను అడిగావా అన్నాను. ఈ పలక తీసి వాడి ఒళ్లో పెట్టాను.

వాడికి చెప్పని సంగతి ఒకటుంది. ఆ మరుసటి సంతలో గిద్దలూరు దుకాణదారు పలక మూలన గిట్ట గుర్తు చూసి, బొమ్మ ఎవరు గీశారని అడిగాడు. నేను తల దించుకున్నాను. నాయన నా తల మీద చెయ్యి వేసి, “బొమ్మ మా పక్కింటి కోడలిది, రంగు మా పాపది” అన్నాడు. అబద్ధం చెప్పిన రోజు ఆయన ముఖం ఎట్లా వెలిగిందో, ఆ రోజూ అట్లాగే వెలిగింది. ఆ చెయ్యి బరువు నా తల మీద ఇంకా ఉంది.