జిగురమ్మ సరిచేసిన బొమ్మలు

మా స్కూల్లో క్రాఫ్ట్ టీచర్‌ని పిల్లలు చాటుగా జిగురమ్మ అనేవారు. చాటని వాళ్ళే అనుకునేవారు, ఆవిడకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతున్నా వేళ్ళ మీద ఎండిన జిగురు పొరలు గీక్కుంటూనే ఉండేది.

నేను లెక్కలు చెప్పేవాణ్ణి. పరీక్షలు దగ్గరపడితే ఆవిడ పీరియడ్లు నేనే లాగేసుకునేవాణ్ణి. ఆవిడ ముఖం మాడ్చుకున్నా పట్టించుకునేవాణ్ణి కాదు. అట్టముక్కలు కత్తిరిస్తే ఉద్యోగాలొస్తాయా అని ఎదురు దబాయించేవాణ్ణి కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ అప్పట్లో నా నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు.

ఆవిడకో అలవాటుండేది. సెలవుల ముందు పిల్లలు కార్డులు, కాగితం పక్షులు, మాస్కులు చేసి పెడితే, బడి వదిలాక ఒక్కతే కూర్చుని అన్నీ సరిచేసేది. వంకర అంచులు కత్తిరించేది, జారిన కన్ను పీకి ఉండాల్సిన చోట అంటించేది. మర్నాటికి నలభై పక్షులూ అక్కచెల్లెళ్ళలా తయారయ్యేవి. "మా పాప చేతిలో ఎంత పనితనముందో!" అని తల్లిదండ్రులు మురిసిపోయేవారు. ఆవిడా మురిసిపోయేది. పిల్లలు మాత్రం కిక్కురుమనేవారు కాదు.

రిటైరయ్యే ఏడు ఆవిడకో కోరిక పుట్టింది.

"మాస్టారూ, పాత పిల్లల్ని పిలుద్దామనుకుంటున్నా. నా క్లాసులో చేసినవి దాచుకునుంటారుగా, అవి తెమ్మని చెప్తా. హాల్లో పెడదాం. ఇన్నేళ్ళూ ఏం చేశానో ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలనుంది."

"రెండు బల్లలు చాలా?" అన్నాను వెటకారంగా.

"నాలుగు వేయించండి" అంది. ఆవిడ నవ్వలేదు.

పాతికమంది దాకా వచ్చారు. పూలగుత్తులు తెచ్చారు, పండ్లు తెచ్చారు. బొమ్మలు తేలేదు. "ఇంట్లో ఎక్కడో ఉండాలి టీచర్" అన్నారు కొందరు. ఇల్లు మారినప్పుడు పోయాయన్నారు ఇంకొందరు. నాలుగు బల్లలమీదా పరిచిన గుడ్డలు తప్ప ఏమీ లేవు. ఆవిడ ఆ గుడ్డల ముడతలు సర్దుతూ అటూ ఇటూ తిరిగింది. అది చూస్తే నాకే మనసు చివుక్కుమంది.

చివర్లో ఒక బస్సు డ్రైవరు యూనిఫాంలోనే వచ్చాడు. సంచిలోంచి అట్టతో చేసిన చేపను తీశాడు. దాని కన్ను పొట్టమీద ఉంది, తోక తలకిందులుగా ఉంది.

"ఇది నా క్లాసులోదేనా? ఇంత వంకరగా ఉందేం నాయనా?"

"ఆ వారం మీకు జ్వరం టీచర్. చేసింది చేసినట్టే ఇంటికి పట్టుకెళ్ళా. మా అమ్మ చూసి పడీపడీ నవ్వింది. ఇప్పటికీ మా వంటింటి గోడకే ఉంటుంది."

"మరి మిగతావి?"

"అవి మీరు చేసినవి కదా టీచర్."

అతని గొంతులో నిష్ఠూరమేమీ లేదు. ఆవిడ చేపను బల్ల మధ్యలో పెట్టింది. ఆ పూటంతా నాలుగు బల్లలకూ అదొక్కటే.

మర్నాడు మూడో తరగతిలో ఆవిడ చివరి క్లాసు. పిల్లల సెలవుల కార్డులు సగం అంతకుముందే సరిచేసేసింది. మిగతావి ముట్టుకోకుండా అలాగే పంచింది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను.

ఒక పాప కార్డు పట్టుకుని ఆవిడ దగ్గరికొచ్చింది. కార్డుమీద అంటించిన ఇల్లు పక్కకు ఒరిగిపోయి ఉంది. పాప కళ్ళనిండా నీళ్ళు.

"నాది సరిచెయ్యలేదేం టీచర్?"

"నీది బాగుంది తల్లీ. నువ్వెలా చేశావో అలాగే బాగుంది."

పాప వెనక్కి తిరిగి, సరిచేసిన కార్డులున్న పిల్లలవైపు చూసింది.

"మరి వాళ్ళవి బాగోలేవా?"

ఆవిడ వంగి పాప కళ్ళు తుడిచింది.

"వాళ్ళవీ బాగానే ఉండేవమ్మా. నేనే పాడుచేశాను."

ఆ పిల్లలంతా తలలు వంచి తమ కార్డులు చూసుకున్నారు.