బొగ్గు గీత చెరిగిన గుడ్లు

మా చిన్నప్పుడు... బోధన్ దగ్గరి మా పల్లెలో, కార్తీకం వచ్చిందంటే చుట్టుపక్కల ఇళ్లవారు గుడ్డు ముట్టేవారు కాదు. చలిలోనూ మా కోళ్లు మాత్రం మానకుండా పెట్టేవి. మాది చర్చికి వెళ్లే కుటుంబం. అందువల్ల ఆ గుడ్లన్నీ మేమే తినవలసి వచ్చేది... పొద్దున జొన్నరొట్టెలోకి ఎల్లిపాయ కారంతో, చెరకు నరికే బాపు సద్దిలోకి ఉడకబెట్టి, సాయంత్రం చింతపండు పులుసులో.

మాకు పుంజు లేదు కనుక, ఆ ఏడాది అమ్మ పుంజున్న ఇంటి నుంచి తెచ్చిన తొమ్మిది గుడ్లపై ఒక కోడిని పొదగేసింది. ఆ పిల్లలు నావేనని బాపు మాట ఇచ్చాడు. మిగతా కోళ్లు కూడా ఆ గంపలోనే పెడతాయి కనుక, పొదిగే గుడ్లపై అమ్మ బొగ్గుతో గీత గీసింది. గీత లేనివి రోజూ తీయడం నా పని. రెండు రోజులు మరచాను. ఎనిమిదో రోజు చూస్తే అన్నీ మురికిగా కనిపించాయి... తడిగుడ్డతో పదిహేనింటినీ శుభ్రంగా తుడిచాను. గీతలన్నీ పోయాయి.

అమ్మ తల పట్టుకుంది. "గుడ్లకు తానం పోస్తరానే? వీటికేమన్న పెండ్లున్నదా?"

మా అవ్వ గంపను చీకటి గదిలోకి తెచ్చింది. ఇంటికప్పు పెంకుల సందులోంచి పడే ఎండకు ఒక్కొక్క గుడ్డునే పట్టి చూసింది. ఎర్రటి నరాలు కనబడినవి ఎనిమిది. మిగిలిన ఏడింటిలో తొమ్మిదోది ఏదో తెలియలేదు. ఆ గుడ్ల పెంకులు మందం, వెలుగు దూరలేదు.

పులుసు మరుగుతోంది. అమ్మ ఆ ఏడింటిలో ఒక గుడ్డును పగలగొట్టబోయి గిన్నె అంచుకు తెచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఉండనియ్యి బిడ్డా," అంది అవ్వ అమ్మతో. "గుడ్లకేం కరువు మనకు? నాలుగొద్దులైతే అదే తెలుస్తది."

ఆ పూట బాపు పులుసులో గరిటె తిప్పి, గుడ్లు ఏవని అడిగాడు. అవ్వ చెప్పింది. ఆయన ఉత్త పులుసుతోనే అన్నం కలుపుకున్నాడు.

నాలుగు రోజుల తరువాత ఒకదానిలో నరాలు కనిపించాయి. తక్కిన ఆరూ పొదుగు వేడికి పాడై పెంటకుప్పలో కలిశాయి. తొమ్మిది పిల్లలూ బతికి బయటికి వచ్చాయి.

పెద్దయ్యాక, పగలు పనిచేసుకుంటూ రాత్రిబడిలో చదివినప్పుడు, జీవశాస్త్రం పాఠంలో ఆ నరాల బొమ్మ చూశాను. తరగతిలో అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే.

నేడు మా ఇంటికి గుడ్లు అట్టల్లో వస్తున్నాయి... లోపల ప్రాణముందేమోనని ఆగి చూసే పని ఎవరికీ లేదు. ఒక్క పిల్ల కోసం ఆరు గుడ్లు వదులుకున్న ఇల్లు మాది. మీ ఇంట్లోనూ అటువంటి పూట ఒకటి ఉంటే, దయచేసి రాయండి.